తండ్రి పేరు: సమ్మయ్య

ఏటా జూన్ రాగానే మా బాలికల హాస్టల్ ఆఫీసు బల్ల మీద అడ్మిషన్ ఫారాలు కుప్ప పడతాయి. విద్యార్థిని పేరు, తండ్రి పేరు, తల్లి పేరు, ఊరు, మండలం, ఆధార్ నంబరు. వాటిని రిజిస్టర్‌లోకి ఎక్కించీ ఎక్కించీ మా వార్డెన్లకు ఒక అలవాటు పడింది. తండ్రి పేరు గడి చూస్తే చాలు, ఆ ఇంటి పెద్దలు ఏ గుట్టకు, ఏ గుడికి మొక్కారో సగం తెలిసిపోతుంది. కొమురయ్య అంటే కొమురవెల్లి మల్లన్న. రాజయ్య, రాజన్న అంటే చాలాసార్లు వేములవాడ. యాదయ్య, యాదగిరి అంటే యాదగిరిగుట్ట. ఐలయ్య అంటే మన ఐలోని మల్లన్న, కాగితాల మీద ఆ ఊరు ఐనవోలు. పోచయ్య, ఎల్లయ్య, మైసయ్యల వెనుక పోచమ్మ, ఎల్లమ్మ, మైసమ్మ ఉన్నారు. ఇక సమ్మయ్య, సారయ్య, జంపన్న అని ఉంటే అడగక్కర్లేదు. ఆ ఇల్లు మేడారం ఇల్లు.

మేం ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆ గడిలో సమ్మయ్య లేని పేజీ అరుదుగా ఉండేది. ఇప్పుడు తండ్రి పేరుగా తగ్గింది. తాత పేరు అడిగితే మాత్రం ఇంకా వస్తుంది. తమ్ముడి పేరు అడిగితే రిత్విక్, విహాన్, సాత్విక్ అని వస్తుంది. ఆ పేర్ల మీద మాకు కోపం లేదు, మా ఇళ్లలోనూ అవే పెట్టుకున్నాం. ఈ సంచికకు వ్యాసం రాయమన్నప్పుడు సమ్మయ్య గురించే రాయాలనిపించడానికి వేరే కారణం ఉంది.

కొన్నేళ్ల కింద పదో తరగతి నామినల్ రోల్స్ రాసే రోజుల్లో ఒక అమ్మాయి తండ్రి పేరు గడిలో శ్యామ్ అని రాసింది. ఆధార్‌లో సమ్మయ్య, కుల ధ్రువపత్రంలో సమ్మయ్య, రేషన్ కార్డులో సమ్మయ్య. పిలిచి అడిగితే చాలాసేపు తల వంచుకొని నిలబడింది. ఆఖరికి, "క్లాసుల నవ్వుతరు మేడమ్, ముసలోళ్ల పేరు అంటరు" అంది. పదో తరగతి మెమోలో ఒకసారి అచ్చయిన పేరును సరిచేయించుకోవాలంటే ఎన్ని ఆఫీసుల మెట్లెక్కాలో మాకు తెలుసు కాబట్టి వాళ్ల నాయినకు ఫోన్ చేసి రమ్మన్నాం. ఆయన తాడ్వాయి అవతలి గూడెం నుంచి రెండు బస్సులు మారి వచ్చాడు. విషయం చెప్తే బిడ్డ మీద కోపం చేయలేదు. బెంచీ మీద కూర్చొని మాతో ఇలా అన్నాడు:

"మా అవ్వకు పుట్టిన పిల్లలు పుట్టినట్టే పోయిన్రట మేడమ్. కన్నెపల్లి గుడి ముంగట తడిచీరతోని పండుకున్నది. అటెనుక నేను బతికిన. గా పేరు నేను పెట్టుకున్నది కాదు, మా అవ్వ బాకీ తీర్చుకున్నది."

ఆ అమ్మాయి ఈ మాట మొదటిసారి వింటున్నదని ఆమె ముఖం చూస్తే తెలిసింది. నాయన పేరు ఎందుకు పెట్టారో ఇంట్లో ఎవరూ చెప్పలేదు, ఆమె అడగనూ లేదు. పిల్లలూ, మీలో ఎంతమంది అడిగారు?

పేరు అర్థం నుంచి మొదలుపెడదాం. సమ్మక్క అన్న పేరులో చివరి అక్కను తీసి అయ్యను చేర్చితే సమ్మయ్య. సారక్క నుంచి సారయ్య అలాగే వచ్చింది. సంధి సులువే, పోచమ్మ పోచయ్య అయినట్టే. కానీ ఒక్క క్షణం ఆగి చూడండి. ఇది మగవాడి పేరే గానీ అందులో ఉన్నది ఆడమనిషి. మన పక్క మగపిల్లవాడికి తల్లి దేవత పేరు పెట్టడం ఎవరికీ వింతగా తోచదు. పేరు చివరి మాటతోనే అది మగ పేరా ఆడ పేరా తేలుతుంది: అదే ఇంట్లో ఆడపిల్ల పుడితే సమ్మక్క, మగపిల్లవాడు పుడితే సమ్మయ్య. మొక్కు ముందే మొక్కారు కాబట్టి పేరు కూడా ముందే సిద్ధంగా ఉండేది. పుట్టేది ఎవరన్నదే మిగిలేది.

కన్నెపల్లి గుడి ముందు తడిచీరతో పడుకోవడం అంటే ఏమిటో జాతరకు వెళ్లినవాళ్లలోనూ చాలామంది చూసి ఉండరు, అందరూ గద్దెల దగ్గరే ఉంటారు కాబట్టి. మేడారం జాతర రెండేళ్లకు ఒకసారి మాఘ పౌర్ణమి వేళ నాలుగు రోజులు జరుగుతుంది. మొదటి రోజు బుధవారం సాయంత్రం కన్నెపల్లి నుంచి సారలమ్మ బయలుదేరుతుంది. బిడ్డలు కావాలని కోరుకునేవాళ్లు తలస్నానం చేసి, తడిబట్టలతో గుడి ముందు వరుసగా నేల మీద పడుకుంటారు. పూజారి సారలమ్మను పట్టుకొని వాళ్ల మీదుగా దాటుకుంటూ నడుస్తాడు. దీన్నే వరం పట్టడం అంటారు. ఇటీవలి జాతరల్లో సారలమ్మను గద్దెకు తెచ్చిన ప్రధాన పూజారి పేరు కాక సారయ్య అని మీరు పత్రికల్లో చదివే ఉంటారు. అమ్మను మోసే మనిషి పేరులోనే అమ్మ ఉంది.

అదే రోజు పునుగొండ్ల నుంచి పగిడిద్దరాజు, కొండాయి నుంచి గోవిందరాజు గద్దెలకు చేరతారు. మరునాడు గురువారం చిలకలగుట్ట నుంచి కుంకుమ భరిణె రూపంలో సమ్మక్క దిగుతుంది. పోలీసులు గాలిలోకి తుపాకులు పేల్చి స్వాగతం చెప్తారు. శుక్రవారం మొక్కుల రోజు. బిడ్డ పుట్టిన ఇంటివాళ్లు వాడిని తెచ్చి తక్కెడలో ఒక పక్క కూర్చోబెట్టి, రెండో పక్క బెల్లం పెట్టి తూస్తారు. ఆ బెల్లమే బంగారం. జంపన్న వాగు ఒడ్డున పుట్టువెంట్రుకలు తీయిస్తారు. పేరు కూడా ఈ మొక్కులో భాగమే. బెల్లం పంచితే అయిపోతుంది, వెంట్రుకలు మళ్లీ పెరుగుతాయి, పేరు మాత్రం మనిషితో పాటు ముసలితనం దాకా నడుస్తుంది.

ఇంకో సంగతి. మా తల్లిదండ్రుల తరంలో బడి రికార్డుల్లో పుట్టిన తేదీలు చూస్తే నవ్వొస్తుంది. ఊరు ఊరంతా జూన్‌లోనో జులై ఒకటినో పుట్టినట్టు ఉంటుంది, బడిలో వేసేటప్పుడు సారు రాసిన తేదీ అది. ఇంట్లో అసలు లెక్క వేరు. "ఫలానా జాతర ఏడు పుట్టిండు, మరుసటి జాతరకు నడిచిండు" అని చెప్పేవాళ్లు. సమ్మయ్య అని పిలిచినప్పుడల్లా ఇంట్లో పెద్దలకు ఆ జాతర గుర్తుకొచ్చేది. జనన ధ్రువపత్రం లేని ఇంట్లో ఆ పేరే కొంతవరకు ధ్రువపత్రం.

చరిత్ర దగ్గరికి వద్దాం. జనం చెప్పుకునే కథ మీకు తెలిసిందే. వేటకు వెళ్లిన పొలవాస ప్రాంతపు మేడరాజుకు అడవిలో పులుల మధ్య ఆడుకుంటున్న పసిపాప దొరికింది. ఆ పాపే సమ్మక్క. పెరిగి మేడారం దొర పగిడిద్దరాజును పెళ్లాడింది. సారలమ్మ, నాగులమ్మ, జంపన్న వాళ్ల పిల్లలు. కాకతీయ ప్రతాపరుద్రుడి కాలంలో ఏళ్ల తరబడి కరువు వచ్చింది, గూడేలు కప్పం కట్టలేకపోయాయి. ఓరుగల్లు సైన్యం అడవి మీదికి వచ్చింది. పగిడిద్దరాజు, సారలమ్మ, గోవిందరాజు పోరులో పడిపోయారు. జంపన్న సంపెంగ వాగులో దూకి ప్రాణం విడిచాడు, అప్పటి నుంచి అది జంపన్న వాగు. గాయపడిన సమ్మక్క చిలకలగుట్ట వైపు నడిచి కనిపించకుండా పోయింది. వెతికిన కోయలకు కుంకుమ భరిణె దొరికింది.

ఈ కథను రాజుల శాసనాలు మోయలేదు, కోయ డోలి కళాకారుల గొంతులు మోశాయి. పడిగె పట్టి, డోలి కొట్టి, కంచు మేళం మీద రాత్రంతా వంశాల కథ పాడే పెద్దలు వాళ్లు. మణుగూరు దగ్గరి కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది ఆ గొంతుకే. ఆయన 2024లో కన్నుమూశారు. డోలి పాడేవాళ్లు ఏ ఊళ్లోనైనా ఒకరో ఇద్దరో ఉంటారు, వాళ్లు ఏటా నాలుగు రాత్రులు పాడతారనుకుందాం. మిగతా రాత్రులు, మిగతా ఇళ్లలో ఆ కథను గుర్తుచేసింది ఏది? పిల్లల పేర్లు అని మా నమ్మకం. పొద్దున లేచి "ఒరేయ్ సమ్మయ్యా, బర్లు ఇడువు" అన్న ప్రతిసారీ ఆ తల్లి పేరు నోట పలికినట్టే.

ప్రతాపరుద్రుడి పాలన 1323లో ఢిల్లీ సైన్యం చేతిలో ముగిసింది. ఆయన పేరు మీద మన వరంగల్‌లో ప్లానెటేరియం ఉంది, హాస్టల్ పిల్లలను తీసుకెళ్లి చూపించాం కూడా. కానీ ఇన్నేళ్ల మా రిజిస్టర్లలో తండ్రి పేరు ప్రతాపరుద్రుడు అని మేం ఒక్కసారి కూడా రాయలేదు. ఓడిపోయిన ఇంటి పేర్లన్నీ రాశాం: సమ్మయ్య, సారయ్య, జంపన్న, గోవిందరాజులు.

మేడారం మొదట కోయల జాతర. రోడ్లు, బస్సులు పెరిగేకొద్దీ మైదాన ప్రాంతపు జనం ఎడ్ల బండ్ల మీద, తర్వాత ఆర్టీసీ స్పెషల్ బస్సుల్లో తరలి రావడం మొదలుపెట్టారు. 1996లో ప్రభుత్వం రాష్ట్ర పండుగగా ప్రకటించింది. జాతర వెళ్లిన దారిలోనే పేరు కూడా వెళ్లింది. హన్మకొండ, జనగామ, కరీంనగర్, ఆదిలాబాద్ పక్క ఊళ్లలో అన్ని కులాల్లోనూ సమ్మయ్యలు, సారయ్యలు పుట్టారు. జనగామ జిల్లా దేవరుప్పుల మండలానికి చెందిన చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్య గారికి 2024లో పద్మశ్రీ ప్రకటించారు. అప్పటి ఆదిలాబాద్ జిల్లా సిర్పూర్ నుంచి కావేటి సమ్మయ్య గారు శాసనసభకు గెలిచారు. వరంగల్ తూర్పు నుంచి గెలిచిన బస్వరాజు సారయ్య గారు ఉమ్మడి రాష్ట్రంలో మంత్రిగా పనిచేశారు. వీళ్లెవరూ కోయలు కారు. అడవిలో పుట్టిన పేరు ఊళ్లోకి వచ్చి, ఊరి వాళ్లందరికీ సొంతమైంది. సాధారణంగా మనవాళ్లు మైదానం వాళ్ల పేర్లు తీసుకుంటారని అంటారు కదా, ఇక్కడ మైదానమే మన పేరు తీసుకుంది. ఈ ఒక్క మాట క్లాసులో నవ్వేవాళ్లకు తెలిస్తే బాగుండు.

నవ్వు గురించి కూడా కొంచెం చెప్పాలి. అది నేటిది కాదు. నిజాం కాలంలో, దొరల గడీల ముందు, పేదవాడి పేరు చివర అయ్య ఉండేది కాదు. మల్లయ్య మల్లిగాడు, రాజయ్య రాజిగాడు, సమ్మయ్య సమ్మిగాడు. దొర నోట వచ్చేది ఆ పిలుపే, వెట్టి పనికి పిలిచేదీ దానితోనే. పేరు చివర అయ్య అని రాసుకోవడం, పిలిపించుకోవడం ఒకప్పుడు పోరాడి సంపాదించుకున్న గౌరవం. 1946 జులైలో కడవెండిలో తుపాకీ గుండుకు బలైన దొడ్డి కొమురయ్య పేరులోని ఆ అయ్యను మనం అలాగే నిలుపుకున్నాం. అందుకే సినిమాల్లో ఇంటి పనివాడికి, కల్లు తాగి తూలే పాత్రకు వెతికి వెతికి ఇలాంటి పేరే పెట్టినప్పుడు మాకు ఒళ్లు మండుతుంది. చూసే పిల్లలకు అది పేరు మీద జోకు అనిపిస్తుంది. అవమానం పేరులో లేదు, ఆ పేరును గాడు అని పిలిచిన నోటిలో ఉండేది.

పేరు తగ్గడానికి ఇదొక్కటే కారణం అనలేం. పాత ఆచారం ప్రకారం తాత పేరు మనవడికి వచ్చేది. కోడలు మామ పేరు నోటితో పలకకూడదు కాబట్టి ఆ పిల్లవాడిని ఇంట్లో అయ్యా అనో పెద్దయ్యా అనో పిలిచేది. అట్లా అసలు పేరు బడి రిజిస్టర్‌లో ఉండిపోయి, ఇంట్లో ముద్దు పేరు నడిచేది. ఇప్పుడు ఆసుపత్రిలోనే జనన ధ్రువపత్రం అడుగుతారు, పేరు కూడా త్వరగా పెట్టేయాలనుకుంటారు. తొట్టెల వేసే దాకా, జాతర వచ్చే దాకా ఆగే తీరిక లేదు. ఫోన్‌లో వెతికి రెండక్షరాల పేరు పెడతారు. పిల్లలు పుట్టినట్టే పోయే రోజులు కూడా తగ్గాయి, అంగన్‌వాడీలు, టీకాలు వచ్చాయి, ఆ భయంతో మొక్కే మొక్కులూ తగ్గాయి. ఇది సంతోషించవలసిన విషయమే. సమ్మయ్యలు తగ్గడంలో ఒక మంచి కబురు కూడా ఉందని మేం అనుకుంటాం.

కానీ పుట్టే పిల్లలకు కొత్త పేరు పెట్టడం వేరు, ఉన్న నాయన పేరును కాగితం మీద దాచడం వేరు. మొదటిదానిలో ఎవరికీ నష్టం లేదు. రెండోదానిలో నష్టం రెండు రకాలు, ఒకటి ఆఫీసుల్లో తెలుస్తుంది. స్కాలర్‌షిప్ దరఖాస్తులో తండ్రి పేరు ఒక రకంగా, కుల ధ్రువపత్రంలో ఇంకో రకంగా ఉంటే ఆ ఫైలు అక్కడే ఆగుతుంది. సమ్మయ్యకు ఈ బాధ మరీ ఎక్కువ. ఇంగ్లీషులో రాసేటప్పుడు ఒకరు రెండు ఎమ్‌లు పెడతారు, ఒకరు ఒకటే పెడతారు. చివర ఒకరు రెండు వైలు పెడితే ఇంకొకరు ఐ, ఏ, హెచ్ పెడతారు. ఒకే మనిషి మూడు కార్డుల్లో ముగ్గురవుతాడు. అందుకే మా హాస్టల్‌లో ఎనిమిదో తరగతిలోనే ప్రతి అమ్మాయితో తండ్రి ఆధార్ చూసి, అందులో ఉన్న అక్షరాలను ఉన్నట్టే నోటు పుస్తకం అట్ట లోపల రాయిస్తున్నాం. మీరూ రాసి పెట్టుకోండి.

రెండో నష్టం ఆఫీసుల్లో కనిపించదు. 2023 డిసెంబరులో పార్లమెంటు చేసిన చట్టంతో ములుగులో కేంద్ర గిరిజన విశ్వవిద్యాలయం వచ్చింది. దాని పేరు సమ్మక్క సారక్క. తుపాకులగూడెం దగ్గర గోదావరి మీద కట్టిన బ్యారేజీకీ సమ్మక్క పేరే పెట్టారు. రేపు మీలో కొందరు ఆ విశ్వవిద్యాలయం పట్టా చేత పట్టుకుంటారు. పట్టా పైభాగాన పెద్ద అక్షరాల్లో సమ్మక్క, కింద తండ్రి పేరు దగ్గర శ్యామ్. అలా ఒక కాగితాన్ని ఊహించుకొని చూడండి.

ఆ రోజు ఆ తండ్రి మాట విన్న తర్వాత అమ్మాయి ఏమీ అనలేదు. నాయన కోసం మెస్ నుంచి అన్నం పెట్టించుకొచ్చింది. ఆయన తింటుంటే పక్కన కూర్చొని, "నాయినా, నానమ్మ నిన్ను ఎంత బెల్లం తూకం ఏసిందే?" అని అడిగింది. ఆయన నవ్వి, "గదంత నాకేం ఎరుక బిడ్డా, ఊరంత పంచిందట" అన్నాడు. సాయంత్రం బస్సుకు ఆయన వెళ్లిపోయాడు. నామినల్ రోల్ ఫారం కొత్తది ఇచ్చాం. తెలుగులో సమ్మయ్య అని రాసి, ఇంగ్లీషు అక్షరాల దగ్గరికి వచ్చేసరికి పెన్ను ఆపి, ఆధార్ జిరాక్సు తీసి చూసుకుంది. రెండు ఎమ్‌లు ఉన్నాయి.